తేనెపట్టు మైనముతో కొవ్వొత్తులు: ఇంటి పరిశ్రమ, ఇంటి లెక్క

తేనె తీసిన తరువాత మిగిలిన పట్టును మీరేమి చేయుచున్నారు? పిండిన పిప్పిని పెరటిలో పారవేయువారు కొందరు. పొయ్యిలో వేయువారు కొందరు. ముద్దగా చేసి సంతలో వర్తకుడు చెప్పిన ధరకు ఇచ్చివేయువారు మరికొందరు. తేనెను మాత్రము సీసాలలో పోసి, బేరమాడి, రూపాయి రూపాయి లెక్క చూచుకొని అమ్ముదురు. కాని అదే ఈగలు అంతకంటె ఎక్కువ శ్రమపడి తయారుచేసిన మైనమును లెక్కలో వ్రాయు రైతు అరుదు.

ఈ వ్యాసములో ఆ మైనమును శుభ్రపరచుట, దానితో కొవ్వొత్తులు చేయుట, వాటిని నష్టపడకుండ అమ్ముట గూర్చి తెలిపెదను. తేనె పెట్టెలు పెట్టిన రైతులకును, కొండ తేనె తీయు గిరిజన సోదరులకును, గ్రామములలోని మహిళా సంఘములకును ఇది ఉపయోగపడగలదు. చేయు పని కష్టమైనది కాదు. కష్టమంతయు లెక్కలోనే ఉన్నది. కావున లెక్క వ్రాసిన భాగమును తప్పక చదువుడు.

మైనము ఎట్లు వచ్చును?

మైనము పూలనుండి వచ్చునది కాదు. కూలీ ఈగలు పుట్టిన రెండు మూడు వారముల ప్రాయములో, వాటి పొట్ట అడుగుభాగమునందలి గ్రంథులనుండి సన్నని పొలుసులుగా బయటికి వచ్చును. వానిని ఈగలు నోటితో నమలి మెత్తచేసి, ఆరు మూలల అరలు కట్టును. ఒక కిలో మైనము తయారగుటకు ఈగలు 6 మొదలు 8 కిలోల వరకు తేనెను తినునని సాధారణముగా లెక్క వేయుదురు. అనగా మీరు పారవేసిన ప్రతి మైనపు ముద్దలోను కొంత తేనె దాగియున్నదని గ్రహింపవలెను.

యంత్రముతో తేనె తీయునపుడు పట్టు చెడదు. అరలపై కప్పిన పలుచని మూతలను మాత్రము కత్తితో కోసి తీయుదురు. 100 కిలోల తేనె తీసినచో ఈ మూతలనుండి 1 మొదలు 2 కిలోల మైనము రాగలదు. ఇది లేత రంగుతో మంచి వాసన గల శ్రేష్ఠమైన మైనము. ఇది గాక, పిల్లలను పెంచి పెంచి నల్లబడిన పాత పట్టులను రెండు మూడేండ్లకొకసారి మార్చవలెను. వానినుండియు మైనము వచ్చును గాని, తక్కువగాను ముదురు రంగుగాను ఉండును.

కొండలలో పెద్ద ఈగలు కట్టు పట్టులనుండి వచ్చు మైనము ఎక్కువ. అయితే ఇచట ఒక మాట. పట్టునంతను కోసి, పొగబెట్టి ఈగలను కాల్చుట మంచిది కాదు. తేనె నిండిన పై భాగమును మాత్రము కోసి, పిల్లలున్న భాగమును విడిచినచో ఈగలు తిరిగి కట్టుకొనును. మైనము కొరకు పిల్లలను చంపినవాడు వచ్చే యేటి తేనెను కూడ తానే చంపుకొన్నవాడగును.

ముందు ఈగలకు, తరువాత మనకు

పెట్టెలలో ఈగలను పెంచువారు మైనమునకు మొదటి ఉపయోగము కొవ్వొత్తి కాదని తెలిసికొనవలెను. అరల గుర్తులు అద్దిన పలుచని మైనపు రేకులను చట్రములలో అమర్చినచో, ఈగలు వానిపైననే త్వరగా పట్టు కట్టును. మైనము కొరకు తినవలసిన తేనె మీకు మిగులును. కావున శుభ్రపరచిన మైనములో మీ పెట్టెలకు కావలసినంత పక్కన ఉంచి, మిగిలిన దానినే కొవ్వొత్తులకు వాడుడు. ఐదారు పెట్టెలు మాత్రమే గలవారు ఒంటరిగా ఈ పని పెట్టుకొనుట లాభకరము కాదు. నలుగురైదుగురు కలిసి మైనమును ఒకచోట చేర్చినచో పని సాగును.

తీసిన పట్టును నెలల తరబడి మూలన పడవేయరాదు. మైనపు పురుగు చేరి, గూళ్లు అల్లి, పట్టునంతను పొడి చేయును. వారము పది దినములలోపుగా కరగించి ముద్ద చేసినచో ఆ భయము లేదు. శుభ్రమైన ముద్ద సంవత్సరములు నిలువ ఉండును.

మైనము తీయు విధము

మైనము 62 మొదలు 64 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో కరగును. మరుగు నీటి వేడికంటె ఇది చాల తక్కువ. కావున పెద్ద మంట అవసరము లేదు. 85 డిగ్రీలు దాటినచో రంగు చెడి వాసన పోవును.

పాత్ర విషయములో జాగ్రత్త వహింపవలెను. ఇనుప పాత్రలో మైనము నల్లబడును. రాగి, ఇత్తడి పాత్రలలో పచ్చబడును. స్టీలు పాత్ర గాని, పింగాణి పూత గల పాత్ర గాని వాడవలెను. ఈ పనికి వాడిన పాత్రను తిరిగి వంటకు వాడుట కుదరదు. వేరుగా ఒకటి కేటాయించుడు.

వేడినీటి పద్ధతి: పట్టును ముక్కలు చేసి ఒక రాత్రి నీటిలో నానబెట్టుడు. తేనె, మురికి కొంత పోవును. మరుసటి దినము ఆ ముక్కలను పలుచని గుడ్డ సంచిలో మూటగట్టి, పాత్రలో ఉంచి, పైన శుభ్రమైన రాయి పెట్టి, మునుగునట్లు నీరు పోసి సన్నని సెగపై వేడి చేయుడు. కరగిన మైనము గుడ్డ గుండ వెలువడి నీటిపై తేలును. మధ్య మధ్య మూటను గరిటెతో నొక్కుచుండవలెను. తరువాత సెగ తీసి, పాత్రపై గోనె కప్పి నెమ్మదిగా చల్లారనీయుడు. మరునాటికి మైనము పైన బిళ్లగా గట్టిపడి ఉండును. దానిని తీసి, అడుగున అంటిన మడ్డిని కత్తితో గీకివేయవలెను. ఉప్పు నీరు, సున్నపు నీరు గల ఊళ్లలో బావి నీటికి బదులు పట్టి ఉంచిన వాన నీటిని వాడుట మంచిది. సున్నపు నీటిలో మైనము కొంత సబ్బువలె మారి నీటితో కలిసిపోవును.

ఎండ పెట్టె పద్ధతి: మన ప్రాంతమునకు ఇది మిక్కిలి అనుకూలమైనది. చెక్క పెట్టెకు లోపల నల్లరంగు వేసి, పైన గాజు పలక బిగించి, సూర్యునికి అభిముఖముగా వాల్చి పెట్టవలెను. లోపల ఏటవాలుగా స్టీలు పళ్లెము, దాని దిగువ కొనకు సన్నని జల్లెడ, దాని క్రింద కొంచెము నీరు పోసిన గిన్నె ఉండవలెను. మాఘ మాసము నుండి జ్యేష్ఠము వరకు మిట్టమధ్యాహ్నపు ఎండలో ఈ పెట్టె లోపల మైనము తనంతట తానే కరగి గిన్నెలోనికి జారును. వంటచెరకు ఖర్చు లేదు, నిప్పు భయము లేదు. ఎండకు మైనము రంగు కూడ లేతబడును. అరల మూతలకు, లేత పట్టులకు ఈ పద్ధతి శ్రేష్ఠము. నల్లబడిన పాత పట్టులకు మాత్రము వేడినీటి పద్ధతియే తగినది. వానిలో ఈగ పిల్లల గూళ్లు మైనమును పీల్చుకొని జారనీయవు.

నాకు నేర్పిన పాఠము

ఈ పని నేర్పబోయి నేను పడిన అవమానమును చెప్పుట మీకు మేలు చేయును. కొన్నేండ్ల క్రిందట ఒక కొండ గ్రామములో మహిళా సంఘ సభ్యులకు కొవ్వొత్తుల తయారీ చూపించితిని. మధ్యాహ్నపు బస్సు అందుకొనవలెనను తొందరలో, నీటిపై తేలిన మైనమును అట్లే ముంచి అచ్చులలో పోసితిని. చూచుటకు కొవ్వొత్తులు చక్కగా వచ్చినవి. వెలిగించగానే చిటపటమని నిప్పురవ్వలు లేచి, రెండు నిమిషములలో ఆరిపోయినవి.

ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలమ్మ నవ్వి, ‘ఇదేం ఒత్తి సారూ, ఆవాలు పోపు వేసినట్టు చిటపటలాడుతుంది!’ అన్నది. అందరును నవ్విరి. నేను కారణము వెదకుచుండగా ఆమెయే మరల, ‘నూనైనా నెయ్యైనా తేరుకోనిచ్చి కదా వంచుతాం. తేరకముందే వంచితే మడ్డీ వస్తది, నీళ్లూ వస్తయి. దీన్నెందుకు తేరనియ్యలేదు?’ అని అడిగినది.

ఆమె చెప్పినదే నిజము. మైనపు బిళ్లను మరల కరగించి, 70 మొదలు 75 డిగ్రీల వేడిలో కదలించకుండ ఒకటి రెండు గంటలు ఉంచవలెను. నీరు, మడ్డి అడుగుకు దిగును. పైనున్న తేట మైనమును మాత్రమే మెల్లగా వంచి, పలుచని గుడ్డలో వడగట్టవలెను. అడుగున మిగిలిన రెండు మూడు గరిటెల మైనమునకు ఆశపడరాదు. దానిని తరువాతి విడతలో కలుపుకొనవచ్చును. నాటినుండి నేను ఈ పని చూపించు దినమున బస్సు వేళ చూచుకొనుట మానితిని.

వత్తి: కొవ్వొత్తికి ప్రాణము

ఇచట లోపలి నూలు భాగమును వత్తి అనియు, తయారైన వస్తువును కొవ్వొత్తి అనియు పిలిచెదను. పూర్వము దేశదేశములలో జంతువుల కొవ్వుతో దీనిని చేసెడివారు. ఆ వస్తువు మారినను పేరు మాత్రము మనకు మిగిలియున్నది.

కొవ్వొత్తి వెలుగునపుడు కాలునది గట్టి మైనము కాదు. మంట వేడికి పైభాగము కరగి చిన్న గుంట ఏర్పడును. ఆ ద్రవము వత్తి గుండ పైకి ప్రాకి, ఆవిరియై కాలును. మైకేల్ ఫారడే అను సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు 1860-61 శీతకాలమున లండనులో పిల్లలకు ఈ ఒక్క విషయముపైననే ఆరు ఉపన్యాసములిచ్చెను. మనకు కావలసిన సారము ఇంతే: వత్తి పైకి అందించు మైనము, మంట కాల్చగల మైనము సమానముగా ఉండవలెను.

వత్తి మరీ సన్నమైనచో మైనము ఎక్కువై, మంట మునిగి ఆరిపోవును. లేదా నడుమ గొయ్యిపడి చుట్టును మైనము మిగిలిపోవును. మరీ లావైనచో మంట ఎత్తుగా లేచి, మసి పట్టి, మైనము ప్రక్కలకు కారును. తేనె మైనము చిక్కనిది గనుక, అంగడిలోని తెల్ల మైనపు కొవ్వొత్తికి వాడు వత్తికంటె దీనికి కొంచెము లావు వత్తి కావలెను.

దీపారాధనకు మనము చేయు వత్తి పేనినది. కొవ్వొత్తికి పేనిన వత్తి తగదు; జడవలె అల్లిన వత్తి కావలెను. అల్లిన వత్తి కాలునపుడు కొన ఒక ప్రక్కకు వంగి, మంట అంచున తానే బూడిదయగును. మాటిమాటికి కత్తిరించు పని తగ్గును. స్వచ్ఛమైన నూలు దారమును మూడు పాయలుగా తీసికొని బిగువుగా అల్లుడు. నైలాను, పాలియెస్టరు కలిసిన దారము పనికిరాదు. ఒకటిన్నర గ్లాసు వేడినీటిలో ఒక పెద్ద చెంచా ఉప్పు, రెండు పెద్ద చెంచాల వెలిగారము కరగించి, చల్లారిన తరువాత ఆ నీటిలో వత్తిని ఒక పూట నానబెట్టి, బాగుగా ఎండబెట్టినచో మసి తగ్గును. తరువాత కరగిన మైనములో ముంచి, బుడగలు వచ్చుట ఆగువరకు ఉంచి, తీసి, నిటారుగా లాగి ఆరబెట్టవలెను.

ఎంత లావు వత్తి కావలెనో పుస్తకము చూచి చెప్పుట సాధ్యము కాదు. దారమును బట్టి, మైనమును బట్టి మారును. కావున 9 పోగులు, 12 పోగులు, 15 పోగులతో మూడు రకముల వత్తులు అల్లి, మూడు కొవ్వొత్తులు చేసి, గాలి లేని గదిలో ఒకేసారి వెలిగించి రెండు గంటలు చూడుడు. ఏ కొవ్వొత్తిలో కరగిన గుంట అంచువరకు చేరుచు పొర్లకుండ ఉన్నదో, మసి లేకుండ మంట నిలకడగా ఉన్నదో ఆ వత్తియే మీ అచ్చునకు తగినది. విత్తనమునకు మొలక పరీక్ష చేయనిదే నాటరు కదా! ఇదియు అట్టిదే.

తయారుచేయు మూడు పద్ధతులు

చుట్టు పద్ధతి: అరల గుర్తులు గల మైనపు రేకును కావలసిన ఎత్తునకు కోసి, అంచున వత్తి నుంచి చాప చుట్టినట్లు బిగువుగా చుట్టుటయే. నిప్పు అవసరము లేదు. మన వాతావరణములో రేకు సులభముగా వంగును. పిల్లలు కూడ చేయగలరు. తేనెపట్టు గళ్లు బయటికి కనబడుటచే చూచువారికి ఇది తేనె మైనమని వెంటనే తెలియును. క్రొత్తగా మొదలుపెట్టువారు దీనితోనే ప్రారంభించుట మంచిది.

ముంచు పద్ధతి: ఎత్తైన డబ్బాలో మైనము పోసి, ఆ డబ్బాను వేడినీటి పాత్రలో నిలిపి, సుమారు 70 డిగ్రీల వేడిలో ఉంచవలెను. ఒక పుల్లపై వత్తిని రెండు ప్రక్కల వ్రేలాడునట్లు వేసి, త్వరగా ముంచి తీసి, చల్లారనిచ్చి, మరల ముంచవలెను. మొదటి రెండు మూడు ముంపుల తరువాత వత్తిని లాగి నిటారు చేయుడు. ఇట్లు 25, 30 పర్యాయములు ముంచినచో వ్రేలెడు లావు వచ్చును. ఒకటి ఆరులోపుగా ఇంకొకటి ముంచుచు, ఇరువది పుల్లలను వరుసగా తిప్పినచో కాలము వ్యర్థము కాదు.

అచ్చు పద్ధతి: రెండు చెక్కలుగా విడివడు అల్యూమినియం అచ్చులు గాని, సిలికాను అచ్చులు గాని వాడవచ్చును. తేనె మైనము లోహపు అచ్చునకు అంటుకొను స్వభావము గలది. కావున సబ్బునీటి గుడ్డతో లోపల తుడిచి, ఆరిన తరువాత పోయవలెను. వత్తిని అచ్చు నడుమ బిగువుగా కట్టి, 70 మొదలు 75 డిగ్రీల మైనమును ఒకే ధారగా పోయుడు. చల్లారునపుడు మైనము కుంచించుకొని వత్తి చుట్టును గుంట పడును; అందులో మరికొంత పోసి నింపవలెను. తొందరపడి చన్నీటిలో ముంచినచో పగుళ్లు పడును.

కొన్ని వారములు నిలువ ఉంచిన కొవ్వొత్తిపై తెల్లని పొడివంటి పొర కనబడవచ్చును. అది బూజు కాదు. తేనె మైనమునకు సహజము. మెత్తని గుడ్డతో తుడిచినచో పోవును. కొనువారికి ఈ సంగతి ముందుగా చెప్పనిచో చెడిపోయిన సరుకని తిరిగి తెత్తురు.

నిప్పుతో జాగ్రత్త

మైనమును తిన్నగా పొయ్యిపై ఎన్నడును కరగించరాదు. నీరు పోసిన పాత్రలో మైనపు పాత్రను నిలిపి కరగించవలెను. పొయ్యి వదలి ప్రక్కకు పోరాదు. చీర కొంగు, చున్నీ దోపుకొనవలెను. పసిపిల్లలను దూరముగా ఉంచవలెను. పొరపాటున మైనము అంటుకొన్నచో నీళ్లు చల్లరాదు. నీరు పడిన మరుక్షణము మంట ఇంటి కప్పువరకు లేచును. పొయ్యి ఆర్పి, పాత్రపై మూత పెట్టుడు. గాలి అందక మంట ఆరును. సరిపోవు మూత, ఒక బకెట్టు ఇసుక ప్రక్కన లేనిదే పని మొదలుపెట్టకుడు. వేడి మైనము చర్మముపై పడినచో గీకక, వెంటనే చల్లని నీటి ధార క్రింద చాలసేపు ఉంచి, వైద్యునికి చూపవలెను.

లెక్క

ఆ కొండ గ్రామములోనే రెండవసారి వెళ్లినపుడు నల్లబల్లపై ఒక లెక్క వ్రాసితిని. అచ్చు 2 సెంటీమీటర్ల అడ్డుకొలత, 15 సెంటీమీటర్ల ఎత్తు. ఒక్కొక్క కొవ్వొత్తికి సుమారు 45 గ్రాముల మైనము పట్టును. 10 కిలోల మైనములో తరుగు పోగా 210 కొవ్వొత్తులు వచ్చును. విరిగినవి, వంకరైనవి 10 తీసివేసినచో అమ్మదగినవి 200.

ఖర్చులు ఇట్లు వ్రాసితిని: వత్తి 150 రూపాయలు, వంటచెరకు 150, కాగితపు పెట్టెలు 630, రవాణా 300, అచ్చుల అరుగుదల 100. మొత్తము 1,330 రూపాయలు. అనగా ఒక్కొక్కదానికి 7 రూపాయలకు లోపు. ‘20 రూపాయలకు అమ్మినను 13 రూపాయలు లాభము’ అని సంతోషముగా సుద్దముక్క క్రింద పెట్టితిని.

మొదట నన్ను నవ్వినది ఆ ముసలమ్మయే కదా. ఈసారి ఆమె నవ్వలేదు. ‘సంతలో ముద్దే కిలో ఐదొందలకి కొంటాడు కదా సారూ. మరి మా మైనం ఊరికే వచ్చిందా? మా రెండు రోజుల కూలి ఎటు పోయింది?’ అన్నది.

నేను మరల లెక్క వేసితిని. నాటి సంత ధరకు 10 కిలోల మైనము 5,000 రూపాయలు. ఇద్దరు మనుష్యులు రెండు దినములు పనిచేసినచో నాలుగు కూళ్లు, దినమునకు 400 చొప్పున 1,600 రూపాయలు. పై 1,330తో కలిపి 7,930 రూపాయలు. 200 కొవ్వొత్తులకు పంచినచో ఒక్కొక్కటి సుమారు 40 రూపాయలు పడినది! నేను చెప్పినట్లు 20 రూపాయలకు అమ్మినచో చేతికి 4,000 వచ్చును. అందులో చేతినుండి పెట్టిన 1,330 పోగా 2,670 మిగులును. కొవ్వొత్తులు చేయక, ముద్దను ముద్దగా అమ్మినచో ఏ శ్రమయు లేక 5,000 వచ్చియుండెడిది. అనగా నాలుగు కూళ్లు గంగలో కలిపి, పైగా 2,330 రూపాయలు పోగొట్టుకొనుట. దీనిని లాభమని నేను వారికి బోధించితిని!

ఇంటి వస్తువునకును, ఇంటి మనిషి శ్రమకును వెల లేదనుకొనుటయే మన ఇంటి పరిశ్రమలు మూలబడుటకు ముఖ్యకారణము. పాడిలో గడ్డి ఖర్చు వ్రాయని రైతును, వడియములు పెట్టు ఇల్లాలిని మీరు చూచియే యుందురు. చేతిలో డబ్బు కనబడును గనుక లాభమనుకొందురు. ఏడాది తిరుగు సరికి అలసట తప్ప ఏమియు మిగలదు.

మరల లెక్కలోనికి వత్తము. 60 రూపాయలకు నేరుగా అమ్మినచో ఒక్కొక్కదానిపై 20 రూపాయలు, 200కు 4,000 రూపాయలు మిగులును. దుకాణదారునికి 15 రూపాయలు విడిచి 45కు ఇచ్చినచో 5 రూపాయలు, 200కు 1,000 రూపాయలు మిగులును. రెంటిలోను మైనపు వెల, కూలి ముందే అందినవి గనుక అది నిజమైన లాభము. 45 రూపాయలు కూడ రాని చోట కొవ్వొత్తి చేయకుడు. మైనమును ముద్దగా అమ్ముకొనుడు, లేదా మీ పెట్టెలకు రేకులుగా వాడుకొనుడు. ఇందులో సిగ్గుపడవలసినదేమియు లేదు. ఈ ధరలు నాటివి. మీ ఊరి మైనపు ధర, కూలి రేటు వేసికొని మీ లెక్క మీరు వ్రాసికొనవలెను. వరుస మాత్రము మార్చకుడు: ముందు మైనపు వెల, తరువాత కూలి, ఆ తరువాతనే తక్కిన ఖర్చులు.

ఎవరికి అమ్మవలెను?

కరెంటు పోయినపుడు వెలిగించు తెల్ల కొవ్వొత్తితో పోటీపడకుడు. అది పెట్రోలియమునుండి వచ్చు పారఫిను మైనముతో యంత్రములపై తయారగును. మీరు ఎంత తగ్గించినను దాని ధరకు దిగలేరు. పైగా ఇంటింటికి విద్యుత్తు వచ్చిన తరువాత ఆ గిరాకీయు తగ్గినది. మీ సరుకు వేరు, దానిని కొను మనిషి వేరు.

మీ తేనె కొనువారే మీకు మొదటి ఖాతాదారులు. తేనె సీసా ప్రక్కన రెండు కొవ్వొత్తులుంచి, ఇవియు ఆ ఈగలు చేసినవే అని చెప్పుడు. క్రైస్తవ దేవాలయములలో తేనె మైనపు కొవ్వొత్తుల వాడుక ప్రాచీనమైనది. క్రిస్మసునకు రెండు నెలల ముందే మీ ప్రాంతపు చర్చి పెద్దలను కలియవలెను. విజయవాడ గుణదలలో ప్రతి సంవత్సరము ఫిబ్రవరి మాసములో జరుగు మేరీమాత ఉత్సవములకు వేలాది భక్తులు వత్తురు. దీపావళి, కార్తీక మాసములలో పట్టణవాసులు కానుకలుగా కొందురు. అరకు వంటి యాత్రాస్థలములలోని అంగళ్లు, రైతు మేళాలు, మహిళా సంఘముల ప్రదర్శనలు కూడ తగిన చోట్లు. గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడినది మొదలు కొండ తేనె మొదలగు అటవీ ఫలసాయమును కొనుచున్నది. గిరిజన సోదరులు ముద్ద మైనమునకు దళారి చెప్పిన ధర ఒప్పుకొనుటకు ముందు ఆ సంస్థ డిపోలో ధర విచారింపవలెను.

పెట్టెపై తయారుచేసినవారి పేరు, చిరునామా, బరువు లేక సంఖ్య, తయారైన నెల, గరిష్ఠ ధర, ఫిర్యాదు చేయుటకు ఫోను నంబరు ముద్రించవలెను. ఇది చట్టము. ఎన్ని గంటలు వెలుగునో మీరే పరీక్షించి వ్రాయుడు, ఊహించి వ్రాయకుడు. వెలిగించి విడిచి పోరాదను హెచ్చరిక కూడ ఉండవలెను. నిమ్మగడ్డి నూనె కలిపినచో సువాసన అని వ్రాయవచ్చును గాని, దోమలను తరుమునని ఋజువు లేక వ్రాయరాదు. అన్నిటికంటె ముఖ్యము: పారఫిను కలిపి, స్వచ్ఛమైన తేనె మైనమని అమ్మకుడు. కలిపినచో కలిపితిమని వ్రాయుడు. ఒక్కసారి మోసపోయిన కొనుగోలుదారు మీ తేనెను కూడ నమ్మడు.

వేసవిలో పంపునపుడు మెలకువ అవసరము. 40 డిగ్రీల ఎండలో బస్సు పైకప్పుపై వేసిన కొవ్వొత్తులు కరగకపోయినను అరటిపండ్లవలె వంగిపోవును. పెట్టెలో పడుకోబెట్టి, కాగితము చుట్టి, రాత్రి ప్రయాణములో పంపుడు. ఇంటిలో నీడపట్టున, నేలకు దగ్గరగా భద్రపరచుడు.

చిన్న పరిశ్రమగా నమోదు చేయించుకొనుటకు ఉద్యమ్ నమోదు కలదు. దానికి రుసుము లేదు. తేనెటీగల పెంపకములో శిక్షణ కొరకు మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రమును, ఉద్యానశాఖాధికారిని సంప్రదింపవచ్చును.

చివరి మాట

ఈగలు లేనిదే మైనము లేదు. ప్రొద్దుతిరుగుడు, నువ్వులు, ఆవాలు పూతపై ఉన్నపుడు పగటివేళ పురుగుమందు చల్లకుడు. తప్పనిసరియైనచో ఈగలు గూటికి చేరిన సాయంకాలమున చల్లుడు. ప్రక్క రైతుకును, పెట్టెల యజమానికిని ముందుగా తెలుపుడు.

ఈసారి తేనె తీసిన దినమున పిప్పిని పారవేయక తూచి, ఒక పుస్తకములో వ్రాయుడు. మరుసటి వారము కరగించి, వచ్చిన మైనమును తూచి వ్రాయుడు. మీరు పనిచేసిన గంటలను కూడ వ్రాయుడు. ఆ మూడు అంకెలు చేతిలో ఉన్న తరువాతనే అచ్చులు కొనవలెనో, ముద్దగా అమ్మవలెనో తేల్చుకొనుడు. ఆ గ్రామపు సంఘమువారు నేటికిని పుస్తకములో మొదటి పంక్తిని ఆ ముసలమ్మ చెప్పినట్లే వ్రాయుచున్నారు: మా మైనము, ఇన్ని కిలోలు, సంత ధర ఇంత. మీ పుస్తకములో కూడ మొదటి పంక్తి అదియే కావలెను.